సానెన్ అనే స్విస్ ఊరి గురించి ఎవరికైనా తెలుసా? తాతయ్య పెట్టెలో ఒక కార్డు దొరికింది

మాధురి_మదనపల్లె:

అందరికీ నమస్కారం. పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే మా తాతయ్య ట్రంకు పెట్టె అడుగున ఒక పిక్చర్ పోస్టుకార్డు దొరికింది. స్విట్జర్లాండ్ స్టాంపు, 1974 జులై ముద్ర. రాసింది తాతయ్యతో పాటు బడిలో పంతులుగా పనిచేసిన ఆయన స్నేహితుడు. అప్పట్లో డబ్బు కూడబెట్టుకుని జిడ్డు కృష్ణమూర్తి గారి ఉపన్యాసాలు వినడానికి సానెన్ అనే ఊరు వెళ్ళారట. కార్డు నిండా చీమల బారులా తెలుగు. గుడారంలో కూర్చోబెట్టారని, మన మదనపల్లెలో పుట్టినాయన మాటలు వినడానికి దేశదేశాల వాళ్ళు వచ్చారని, ఉపన్యాసం మధ్యలో ఆవుల గంటలు వినిపిస్తున్నాయని, జులైలో కూడా స్వెట్టర్ వదల్లేకపోతున్నానని రాశారు. చివర్న ఒక మూలకి, అన్నం మీద బెంగగా ఉందని.

సెప్టెంబర్‌లో మా వారికి జెనీవాలో పని ఉంది, నేనూ వెళ్తున్నాను. రెండు రోజులు ఖాళీ దొరుకుతుంది. ట్రావెల్స్ అతన్ని అడిగితే "సానెన్ అని ఏమీ లేదు మేడం, గ్‌స్టాడ్ ఉంది, మంచు కొండ ప్యాకేజీ ఉంది" అన్నాడు. ప్యాకేజీ నాకొద్దు. ఆ ఊరు ఎలాంటిది, అక్కడి మనుషులెవరు, వాళ్ళ కథేంటి అన్నది తెలుసుకుని వెళ్ళాలని ఉంది. అటువైపు ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

రైలుబండి_రాజు:

సానెన్ లేకపోవడమేంటండీ! 1995లో వచ్చిన సూపర్ హిట్ హిందీ ప్రేమకథ "దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే"లో చిన్న వంతెన గుర్తుందా? అది సానెన్‌లోదే. మన ఇండియన్లు ఇప్పటికీ దాని మీద నిలబడి ఫొటోలు దిగుతారు. నేనూ దిగాను, మా ఆవిడ తీసిన ఫొటోలో వంతెన తప్ప అన్నీ పడ్డాయి. అంతకు మించి ఊరు గురించి నాకు తెలీదు. జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న మోంట్రో నుంచి వచ్చే రైలు మాత్రం అద్భుతం, కిటికీ పక్క సీటు వదలకండి.

సుజాత_జ్వైసిమ్మెన్:

మాధురి గారూ, నైట్ డ్యూటీల వల్ల ఆలస్యంగా చూశాను. మాది పలమనేరు, ఇక్కడి నుంచి చూస్తే మీది పక్కింటి కిందే లెక్క. వచ్చి తొమ్మిదేళ్ళయింది. వృద్ధుల హోంలో సహాయకురాలిగా చేస్తాను. మొదటి రెండేళ్ళు సానెన్‌లోనే అద్దెకున్నాం, తర్వాత పక్క లోయలోని జ్వైసిమ్మెన్‌కి మారాం. నాకు తెలిసిందంతా హోంలో ముసలివాళ్ళ దగ్గర, వాళ్ళ పిల్లల దగ్గర విన్నదీ, కాళ్ళతో తిరిగి చూసిందీ. కొంచెం పొడుగు అవుతుంది, ఓపిక పట్టండి.

ముందు మీ ట్రావెల్స్ అతని సంగతి. గ్‌స్టాడ్ అన్నది సానెన్ మునిసిపాలిటీలో ఒక ఊరు. మన లెక్కలో చెప్తే సానెన్ మండలం అనుకోండి. అందులో సానెన్ ఊరు, మూడు కిలోమీటర్ల దూరంలో గ్‌స్టాడ్, పైన షోన్‌రీడ్, సానెన్‌మోజర్, ఇంకా కొండల్లోకి దూరిన చిన్న చిన్న పల్లెలు. మండలంలో ఒక ఊరికి డబ్బున్నవాళ్ళు వచ్చి పేరు తెచ్చేసరికి మండలమే లేదంటే ఎలా? నేనూ మొదటిసారి అలాగే మోసపోయాను లెండి. ఇంటర్వ్యూకి వస్తూ, అందరూ దిగుతున్నారు కదా అని గ్‌స్టాడ్‌లో దిగేశాను. సూట్‌కేసుల షాపులో చేతిసంచీ ధర చూసి, ఇది నేను పనిచేయబోయే ఊరు కాదని అర్థమైంది. సానెన్‌కి నడిచే వెళ్ళాను. నది పక్కన దారి, అరగంట పైన పట్టింది.

మునిసిపాలిటీ మొత్తం విస్తీర్ణం సుమారు 120 చదరపు కిలోమీటర్లు, జనం అటూ ఇటుగా 7 వేలు. మనుషులెంతమందో ఆవులూ అన్ని అని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఊరి మట్టం సముద్రానికి 1,010 మీటర్ల పైన. సానెన్‌మోజర్ స్టేషన్ దాదాపు మన హార్స్‌లీ హిల్స్ ఎత్తే. కాకపోతే హార్స్‌లీ హిల్స్‌లో నాలుగు నెలలు మంచు గడ్డకట్టి ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆబ్‌లెంచెన్ అని ఒక పల్లె కొండకి అవతల ఉంది. మంచు పడ్డాక వాళ్ళు తమ సొంత మునిసిపాలిటీ ఆఫీసుకి రావాలంటే పక్క క్యాంటన్‌లోకి (క్యాంటన్ అంటే మన రాష్ట్రం లాంటిది) దిగి చుట్టూ తిరిగి రావాలి. ఆ ఊరివాళ్ళకి ఇది జోక్ కాదు, పళ్ళ నొప్పి వచ్చినా అదే దారి.

ఊరికి పేరిచ్చింది నది. జర్మన్‌లో సానె, ఫ్రెంచ్‌లో సరీన్. సానెచ్ మంచుగడ్డ దగ్గర పుట్టి, గ్‌స్టైగ్ మీదుగా గ్‌స్టాడ్‌కి దిగి, సానెన్ దగ్గర పడమటికి మళ్ళి ఫ్రెంచ్ మాట్లాడే లోయలోకి వెళ్ళిపోతుంది. గ్‌స్టాడ్ అంటే అర్థం కూడా ఒడ్డు అనే. ఫ్రెంచ్ స్విస్‌వాళ్ళు జర్మన్ మాట్లాడేవాళ్ళని మొత్తంగా "సరీన్ అవతలివాళ్ళు" అంటారు. అంటే దేశాన్ని భాషపరంగా చీల్చే గీతకి ఈ ఏరే గుర్తు. మీరు మోంట్రో వైపు నుంచి వస్తే ఇది కళ్ళారా చూడొచ్చు. రూజ్‌మోంలో స్టేషన్ బోర్డు, బేకరీ, చెత్తడబ్బా మీద రాతలు అన్నీ ఫ్రెంచ్. తర్వాతి స్టేషన్ సానెన్, అన్నీ జర్మన్. మధ్యలో గేటు లేదు, గోడ లేదు, అదే గడ్డి, అవే ఆవులు. మన కుప్పం దగ్గర బస్సులో కూర్చుంటే పక్కసీటు ఎప్పుడు తమిళంలోకి జారిందో తెలియదు కదా, దానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. ఇక్కడ కత్తితో కోసినట్టు ఉంటుంది. అయినా థాంక్స్‌కి మాత్రం సానెన్‌వాళ్ళు ఫ్రెంచ్‌వాళ్ళలా "మెర్సీ" అనే అంటారు. జర్మన్ భాషలో బి1 అనే మధ్యస్థాయి పరీక్ష పాసై వచ్చి, మొదటివారం ఒక్క ముక్క అర్థం కాక ఏడ్చాను. పుస్తకంలో నేర్పే జర్మన్ వేరు, వీళ్ళ నోటి జర్మన్ వేరు.

ఈ గీత ఎందుకిలా పడిందంటే, దాని వెనక ఒక దివాలా కథ ఉంది. మధ్యయుగంలో ఈ లోయంతా గ్రూయెర్ ప్రభువులది. వాళ్ళు ఫ్రెంచ్ మాట్లాడేవాళ్ళు, వాళ్ళ గుర్తు కొంగ. సానెన్ ఊరి చిహ్నంలో ఇప్పటికీ గుట్టల మీద కొంగ నిలబడి ఉంటుంది. సానెన్ రైతులు గట్టివాళ్ళు, పశువులమ్మిన డబ్బుతో ప్రభువు దగ్గర తమ మీదున్న హక్కుల్ని ఒక్కొక్కటే కొనుక్కుంటూ వచ్చారు. 1403లోనే బెర్న్ నగరంతో విడిగా ఒప్పందం కూడా చేసుకున్నారు. చివరికి మిషెల్ అనే ప్రభువు పీకల దాకా అప్పుల్లో కూరుకుపోతే, అప్పిచ్చిన పెద్దతలకాయలు బెర్న్, ఫ్రీబూర్గ్ నగరాలు కలిసి 1555 నాటికి జాగీరుని పంచుకున్నాయి. ఎగువ భాగం, అంటే సానెన్, దాని పక్క ఫ్రెంచ్ లోయ, బెర్న్‌కి పడింది. మరుసటి ఏడాదే బెర్న్ తన ప్రొటెస్టెంట్ మతాన్ని తెచ్చి పెట్టింది. ఊరు చేతులు మారింది సరే, దేవుణ్ణి పూజించే పద్ధతి కూడా మారాలా అని అప్పటివాళ్ళు ఎంత గింజుకున్నారో! విచిత్రమేంటంటే బెర్న్ అధికారి కాపురం పెట్టింది సానెన్‌లో కాదు, ఫ్రెంచ్ మాట్లాడే రూజ్‌మోంలో, పాత మఠంలో. దాదాపు రెండున్నర శతాబ్దాలు రెండు భాషలకీ ఒకడే దొర. 1798లో నెపోలియన్ కాలపు గందరగోళంలో రెండు ముక్కలూ విడిపోయాయి. చివరికి ఫ్రెంచ్ ముక్క "వో" అనే క్యాంటన్‌కి పోయింది, సానెన్ బెర్న్ క్యాంటన్‌కి దక్కింది. ఇప్పుడు మీరు రైల్లో దాటే గీత అదే.

సెయింట్ మారిషస్ చర్చి చూడండి. 15వ శతాబ్దపుది. పైకప్పు సూదిలా ఉంటుంది, దూరం నుంచే తెలుస్తుంది. లోపల గోడల మీద బైబిలు కథల బొమ్మలు, వాటి మీద మతం మారాక సున్నం కొట్టేశారు, మళ్ళీ 20వ శతాబ్దంలోనే బయటపడ్డాయి. వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనుహిన్ ఇక్కడ కాపురముంటూ, 1957 ఆగస్టులో ఈ చర్చిలోనే కచేరీలు మొదలుపెట్టాడు. ఆ వేసవి ఉత్సవం ఇప్పటికీ ఏటా జరుగుతుంది. మీరు వచ్చేసరికి దాదాపు అయిపోతుంది, టికెట్ల గురించి టెన్షన్ వద్దు.

కానీ నా మాట వింటే చర్చి దగ్గర పావుగంటకి మించి ఉండకండి. నిజమైన సానెన్ ఇళ్ళ ముఖాల మీద ఉంది. పాత ఊరి వీధిలో తలెత్తి నడవండి. చెక్క ఇళ్ళు, ఎండకి కాలి బెల్లం రంగుకి వచ్చాయి, కొన్ని మూడు నాలుగు వందల ఏళ్ళవి. కిటికీల వరసల మధ్య దూలాల మీద బారుగా అక్షరాలు చెక్కి రంగులేసి ఉంటాయి. ఇల్లు కట్టించినాయన పేరు, ఆయన భార్య పుట్టింటి పేరుతో సహా, కట్టిన వడ్రంగి పేరు, సంవత్సరం, ఆ తర్వాత దేవుడి మీద ఒక వాక్యం. మన దగ్గర గృహప్రవేశం శిలాఫలకం మీద ఎమ్మెల్యే పేరుంటుంది గానీ మేస్త్రీ పేరు ఎప్పుడన్నా చూశారా? ఇక్కడ వడ్రంగి సంతకం వీధిలోకి కనపడేలా ఉంటుంది. ఫొన్ సీబెన్‌టాల్, హౌస్‌విర్ట్, రైఖెన్‌బాఖ్, ఫ్రౌచి, ఫొన్ గ్రూనిగెన్... నేను డ్యూటీలో రోజూ పిలిచే ఇంటిపేర్లే దూలాల మీద కనిపిస్తాయి. 1997లోనూ 2001లోనూ స్కీయింగ్‌లో ప్రపంచ విజేతైన మైక్ ఫొన్ గ్రూనిగెన్‌ది కూడా ఇక్కడి షోన్‌రీడే.

ఇంటిపేరంటే గుర్తొచ్చింది. స్విస్ పాస్‌పోర్టులో పుట్టిన ఊరు ఉండదు, "సొంతూరు" ఉంటుంది. అంటే తాతముత్తాతల మునిసిపాలిటీ. హోంలో ఒకామె పుట్టింది వేరే చోట, పెరిగింది ఇంకో చోట, కాగితాల్లో మాత్రం సానెన్. మన ఇంటిపేర్లలో ఊళ్ళు అతుక్కుపోయి ఉంటాయే, ఎప్పుడో ముత్తాత వదిలేసిన ఊరు, అచ్చం అదే. తేడా ఏంటంటే ఇక్కడ దానికి చట్టం ఉండేది. పూర్వం ఎవరైనా చితికిపోతే తిండి పెట్టాల్సింది ఆ సొంతూరే. అందుకని బీదవాళ్ళ పిల్లల్ని తక్కువ ఖర్చుతో వదిలించుకోవాలని ఊరి పెద్దలు చూసేవాళ్ళు. వాళ్ళని రైతుల ఇళ్ళలో పనికి పెట్టేవాళ్ళు. మన పాలేరు, జీతగాడు లాంటిదే, కాకపోతే ఊరే ఎదురు డబ్బిచ్చి పంపేది. బెర్న్ క్యాంటన్‌లో ఇది మరీ ఎక్కువ, 1960ల దాకా నడిచింది. ప్రభుత్వం 2013లో బహిరంగంగా క్షమాపణ చెప్పింది, తర్వాత బతికున్నవాళ్ళకి తలా 25 వేల ఫ్రాంకులు ఇచ్చారు. మా హోంలో ఒక పెద్దాయన ఉండేవాడు. అందరూ కూర్చుని తినడం మొదలుపెట్టేదాకా గోడ పక్కన నిలబడేవాడు. ఎంత పిలిచినా రాడు. మొదట్లో మొండితనం అనుకుని విసుక్కున్నాను. తర్వాత సీనియర్ ఒకామె చెప్పింది, ఆయన ఏడేళ్ళకే ఈ కొండ మీద ఒక ఇంట్లో పనికి కుదిరాడని, ఇంటివాళ్ళు తిని లేచాకే ఆయనకి ప్లేటు అని. స్విట్జర్లాండ్ అంటే చాక్లెట్ అనుకునే మా అమ్మకి ఇది చెప్తే నమ్మలేదు.

డబ్బు సంగతి తర్వాతి కథ. 1904 డిసెంబర్‌లో మోంట్రో వైపు నుంచి రైలు గ్‌స్టాడ్ చేరింది, మరుసటి ఏడాది జ్వైసిమ్మెన్ దాకా పాకింది. అంతకు ముందు 1898లో గ్‌స్టాడ్ సగానికి పైగా కాలిపోయింది. అంటే కొత్తగా కట్టుకుంటున్న ఊళ్ళోకి రైలు వచ్చింది. 1913లో కొండ మీద కోటలాంటి పెద్ద హోటల్. ఆ తర్వాత రాజులు, సినిమా తారలు. కొత్త ఇల్లు ఏదైనా చెక్క ఇల్లులాగే కనిపించాలన్న నియమం వల్ల ఊరు ఇంకా ఊరులా ఉంది. కానీ లోపల? ఏడాదికి మూడు వారాలు దీపం వెలిగే ఇళ్ళు ఎన్నో. 2012లో దేశమంతా ఓటేసి, ఏ మునిసిపాలిటీలోనూ సెలవుల ఇళ్ళు 20 శాతం దాటకూడదన్నారు. సానెన్ అప్పటికే ఆ గీత ఎప్పుడో దాటేసింది. మేమున్న ఇంటి యజమాని పోయాక పిల్లలు అమ్మేశారు. ఆ అద్దెకి సానెన్‌లో రెండు గదులు వెతకడం మా వల్ల కాలేదు. మేం అలా జ్వైసిమ్మెన్‌కి చేరాం. మాతో పాటు ఆ వీధి నుంచి ఒక ప్లంబర్ కుటుంబం, ఇద్దరు టీచర్లు కూడా. ఎవరి మీదా కోపం లేదు గానీ, ఇళ్ళ ముఖం మీద నాలుగు వందల ఏళ్ళ పేర్లు, లోపల ఎవరూ లేకపోవడం, ఆ వీధిలో సాయంత్రం నడిస్తే ఎలాగో ఉంటుంది.

ఇక మీ గుడారం. కృష్ణమూర్తి గారు 1961 నుంచి 1985 దాకా ప్రతి వేసవీ ఇక్కడ మాట్లాడారు. తర్వాతి ఫిబ్రవరిలోనే పోయారు. ఆయన బస గ్‌స్టాడ్ వైపు ఒక షాలేలో (ఇక్కడి కొండ చెక్క ఇల్లు), ఉపన్యాసాలు సానెన్‌లో నది దగ్గర. గుడారం కాబట్టి గోడలేవీ మిగలవు, వెతక్కండి. మనుషుల్లో మాత్రం ఇంకా కొంచెం మిగిలింది. హోంలో ఒక పెద్దావిడకి నేను ఇండియా అనగానే మొదట గుర్తొచ్చింది అదే. ఆ వేసవుల్లో వాళ్ళ అమ్మ కింది గదులు అద్దెకిచ్చి, పిల్లల్ని తీసుకుని అటక మీదకి ఎక్కేదట. వచ్చినవాళ్ళు మాంసం ముట్టరు, పాలు మాత్రం బాగా కొంటారు, చెప్పులు గుమ్మం బయట వదుల్తారు. ఒకసారి పాల క్యానుతో గుడారం దాకా వెళ్ళి తొంగి చూసిందట. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. "అంతమంది ఒకచోట చేరి బేరం ఆడకుండా కూర్చోవడం అదే మొదటిసారి చూడటం" అంది నాతో. పశువుల సంత తప్ప జనసమూహం తెలియని మనిషి మరి.

గుడివాడ_వేంకటేశ్వర్లు:

సుజాత గారూ, మనసుపెట్టి రాశారు. ఒక్కటి చేర్చాలి. సానెన్‌కి తెలుగువాళ్ళతో ఉన్న బంధం ఒక్క కృష్ణమూర్తితో అయిపోలేదు. ఇంకో తత్వచింతకుడు యు.జి. కృష్ణమూర్తి కూడా ఉన్నారు. 1918లో మచిలీపట్నంలో పుట్టి, మా గుడివాడలో పెరిగారు. 1967లో ఆయనకి 49 నిండినప్పుడు, జిడ్డు వారి ఉపన్యాసం మధ్యలో లేచి బయటికొచ్చి, సానెన్ లోయ కనపడే ఒక బల్ల మీద కూర్చున్నారు. ఆ రోజుల్లో తన శరీరంలో వచ్చిన మార్పుని ఆయన "విపత్తు" అనేవారు, జ్ఞానోదయం అంటే ఒప్పుకునేవారు కాదు. ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి వేసవుల్లో సానెన్‌లోనే ఉన్నారు. ఒకే లోయలో ఒక తెలుగాయన గుడారం వేసి మాట్లాడుతుంటే, ఇంకో తెలుగాయన పక్కనే ఇంట్లో కూర్చుని ఆ మాటలన్నీ దండగ అనడం. మన వాళ్ళు ఎక్కడికెళ్ళినా రెండు వర్గాలు తప్పవు!

మేకల_శివ:

అక్కా, నాది కదిరి దగ్గర. సానెన్ అంటే మేక జాతి అని తప్ప ఊరని ఇవాళే తెలిసింది! యూట్యూబులో తెల్ల మేకలు చూసి రెండు క్రాస్ పిల్లలు తెచ్చా. పాలు బానే ఇస్తున్నాయి గానీ ఎండలకి తట్టుకోవడం లేదు, పొదుగు మీద, చెవుల మీద చర్మం ఎర్రగా కమిలిపోతోంది. మీ దగ్గర అవి ఎలా ఉంటాయి?

సుజాత_జ్వైసిమ్మెన్:

వేంకటేశ్వర్లు గారూ, థాంక్స్. ఆ బల్ల ఏదో నాకు తెలీదు. ఈ లోయలో ప్రతి మలుపులోనూ ఒక బల్ల ఉంటుంది, ప్రతిదాని మీద కూర్చుంటే లోయ కనిపిస్తుంది!

శివా, అవును, ఆ మేక పుట్టిల్లు ఇదే. తెల్లటి పొట్టి వెంట్రుకలు, చాలావాటికి కొమ్ములుండవు. 19వ శతాబ్దం చివర్లో ఇక్కడి నుంచి బయటి దేశాలకి అమ్మడం మొదలైంది, ఇప్పుడు ప్రపంచంలో పేరున్న పాల మేకల్లో ఇదొకటి. మన దేశంలోనూ కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో పంజాబ్ జాతి బీటల్ మేకతో దీన్ని సంకరం చేశారు. మంచు కొండ జాతి తమ్ముడూ అది, తెల్ల వెంట్రుక కింద చర్మం లేత గులాబీ రంగు. మధ్యాహ్నం ఎండలో వదలకు, నీడ కట్టు, పొద్దునా సాయంత్రం మేపు. మిగతాది మీ పశువుల డాక్టర్ని అడుగు, నాది ఆవుల ఇల్లు. తమాషా ఏంటంటే సానెన్‌లో నువ్వు ఆవుల్ని చూసినంతగా మేకల్ని చూడవు. పేరు మేకది, పెత్తనం ఆవుది.

మాధురి_మదనపల్లె:

సుజాత గారూ, మా అమ్మకి మొత్తం చదివి వినిపించాను. పాల క్యానుతో తొంగి చూసినావిడ దగ్గర ఆపి మళ్ళీ చదవమంది. సెప్టెంబర్‌లో ఏం చూడమంటారు? మంచు ప్యాకేజీ క్యాన్సిల్. కొండ మీద ఆవుల దగ్గరికి మాలాంటివాళ్ళు వెళ్ళొచ్చా? ఇంకోటి, కార్డు బొమ్మలో ఒక చెక్క ఇల్లు ఉంది. మీరు చెప్పాక భూతద్దం పెట్టి చూశాను, దూలం మీద నిజంగానే అక్షరాలున్నాయి! చాలావరకు మసక. "జెడ్ ఎం" అనే రెండు అక్షరాలు, పక్కన "17" మాత్రం తెలుస్తున్నాయి. అదేమైనా ఇంటి నంబరా?

సుజాత_జ్వైసిమ్మెన్:

ఇంటి నంబరు కాదు! "జెడ్ ఎం" అంటే త్సిమ్మర్‌మైస్టర్, పెద్ద వడ్రంగి. ఆ అక్షరాల తర్వాత ఉండేది ఆయన పేరు. 17 అంటే పదిహేడు వందల ఎంతో. మీ తాతగారి స్నేహితుడు ఏ ఇల్లు ఎంచుకుని పంపారో!

కొండ మీదకి వెళ్ళొచ్చు, అడిగి వెళ్ళాలి అంతే. ఆవులు జూన్‌లో పైకెక్కుతాయి, ముందు మధ్య మెట్టు, గడ్డి అయ్యేకొద్దీ ఇంకా పైకి, మళ్ళీ అదే వరసలో దిగుతాయి. దించడాన్ని ఇక్కడ "త్స్యూగ్లెటె" అంటారు. సెప్టెంబర్‌లో గ్‌స్టాడ్ వీధుల్లో చూడొచ్చు. ముందు నడిచే ఆవు తలకి పూల కిరీటం, మెడలో బిందెంత గంట. బ్రాండెడ్ షాపుల అద్దాల ముందే పేడ పడుతుంది, ఎవరూ ముక్కు మూసుకోరు. మన కనుమ పండగ రోజు పశువుల్ని చూసి పెరిగిన కళ్ళకి ఇది కొత్తేం కాదు గానీ, ఆ గంటల మోతకి మాత్రం గుండె అదురుతుంది.

చీజ్ చేసేది చూడాలంటే తెల్లారకుండా లేవాలి. హోంలో ఒకాయన కొడుకు నన్ను రెండేళ్ళ కిందట పైకి తీసుకెళ్ళాడు. చెక్క గుడిసె, లోపల పొగ, కట్టెల మంట మీద ఇంత పెద్ద రాగి కాగు, దాన్ని ఒక చెక్క చేతికి వేలాడదీసి మంట మీదకీ పక్కకీ తిప్పుతారు. పాలు విరిగి గడ్డకట్టాక తంతులున్న కవ్వం లాంటిదాంతో గోధుమ గింజంత అయ్యేదాకా కోస్తాడు. మళ్ళీ 50 డిగ్రీల పైదాకా వేడి. థర్మామీటర్ ఉంది, అయినా చెయ్యి మోచేతి దాకా ముంచి, ఒక పిడికెడు తీసి పిసికి, వేళ్ళు తెరిచి చూశాడు. ముద్ద విడిపోతే అయినట్టు. మా అమ్మ పాకం చూసే తీరే. ఆ తర్వాత చేసింది నేను మర్చిపోలేను. పల్చటి ఇనుప బద్దకి గుడ్డ అంచు చుట్టి, రెండో అంచు కొసలు పళ్ళ మధ్య కరిచిపట్టుకుని, కాగు మీదకి వంగి, బద్దని అవతలి గోడ వెంట అడుక్కి దించి తనవైపు లాగాడు. లేపేసరికి మొత్తం ముద్ద గుడ్డలో మూటై నీళ్ళు కారుతోంది. నోరు తెరిస్తే పొద్దుటి పాలన్నీ పోయినట్టే. అందుకే కాబోలు ఆయన పెద్దగా మాట్లాడడు. మిగిలిన తేట పందులకి. నేనూ ఒక గ్లాసు తాగాను, మజ్జిగ మీద తేటకి కొంచెం తీపి కలిపినట్టుంది. పది లీటర్ల పాలకి కిలో చీజ్ అన్నాడు. పలమనేరులో మా అమ్మ సెంటర్‌కి పోసే పాలు రెండు పూటలవీ కలిపితే కిలోంబావు వచ్చేదన్నమాట.

అదే చీజ్‌ని కనీసం ఏడాదిన్నర ఆరబెడితే రాయిలా అవుతుంది, కత్తి దిగదు. దాన్ని వడ్రంగి చిత్రికలాంటిదాంతో పల్చగా పొట్టులా తీసి, చుట్టలు చుట్టి పెడతారు. పేరే "హోబెల్‌కేజ్", హోబెల్ అంటే చిత్రిక. ఇంటికి తీసుకెళ్ళాలంటే అదే కొనండి, పెట్టెలో పాడవదు. మీ అమ్మగారికి నచ్చకపోవచ్చు, మా అమ్మ "చెప్పు తోలు" అంది.

రైలు జెనీవా నుంచి మోంట్రోకి, అక్కడ మారండి. మోంట్రో నుంచి సానెన్ గంటన్నర లోపే. జ్వైసిమ్మెన్ దగ్గర చక్రాల వెడల్పు మార్చుకుని ఇంటర్‌లాకెన్ దాకా వెళ్ళే పెద్ద అద్దాల రైలు కూడా 2022 చివర్నుంచి నడుస్తోంది. మీకు అది అక్కర్లేదు, మామూలు బండి ఎక్కండి, చిన్న స్టేషన్లన్నిట్లో ఆగుతుంది.

కార్డు బొమ్మ వైపు ఫొటో తీసి పంపండి. మొన్న చెప్పిన పెద్దావిడకి చూపిస్తాను. కంటిచూపు తగ్గింది గానీ ఊళ్ళో ఏ ఇల్లు ఎవరిదో ఇంకా వరసగా చెప్తుంది. మీరొచ్చే తేదీ ముందే మెసేజ్ పెట్టండి, మంగళ, గురు నాకు డ్యూటీ. మిగతా రోజుల్లో అయితే అన్నం వండి తెస్తాను.